పొట్టి పగలు, పెద్ద గుండిగ

ఆవిడ శాంతమూర్తి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆవిడ పోయాక మొన్న పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు అన్నారు. ఆవిడతో హైస్కూల్లో పనిచేసిన లెక్కల మేష్టారు అన్నారు. అంతర్వేది నుంచి వచ్చిన మరదలుగారైతే పైటకొంగుతో ముక్కు తుడుచుకుంటూ మరీ అన్నారు: "మాట పెగిలేది కాదండి మా వదినగారికి. దేవుడి కోసం పాలూ పెరుగూ కూడా మానేసిన మనిషండి." అందరూ "ఆయ్, ఆయ్" అని తలలూపారు. ఆ తరవాత షామియానా కింద కూర్చుని, ఆ మనిషి పేరు మీద చికెన్ బిర్యానీ, పెరుగుచట్నీ తిన్నాం. నేనూ తిన్నాను. మారు కూడా వడ్డించుకున్నాను. కాని ఆ మూడు మాటల్లో ఒక్కటీ నిజం కాదని నోట్లో ముద్ద ఉండగానే అనుకున్నాను.

మాట పెగలకపోవడమా? రాజోల్లో మా వీధిలో, మా ఎదురింట్లో పదకొండేళ్ళున్నారు ఆవిడ. ఆ పదకొండేళ్ళూ నాతో తగువులాడేరు. నేను డిగ్రీ చదువుకున్నదాన్ని, వాదనలో ఊరికే ఓడిపోయే రకాన్ని కాను. అందుకని నాకు 'ప్లీడరుగారు' అని పేరు పెట్టారు. గేటు దగ్గర నిలబడి "ఏమండీ ప్లీడరుగారూ, కోర్టు తీసేరా?" అని పిలిస్తే వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినపడేది. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి భూగోళం చెప్పిన గొంతది. రిటైరై ఎన్నాళ్ళయినా తగ్గలేదు.

పొట్టిమనిషి. వాచీ మణికట్టు లోపలివైపుకి పెట్టుకునేవారు, టైము చూడాలంటే ఎవరి దగ్గరో దానం పడుతున్నట్టు అరచెయ్యి పైకి తిప్పాలి. ఎవరేం చెప్పినా "ఏదీ, చూపించండి" అనేవారు. ఫలానా చోట కొబ్బరి కాయ రేటు పెరిగిందటండీ అంటే, ఏదీ చూపించండి. ఫలానావారి కోడలు పుట్టింటికి వెళ్ళిపోయిందటండీ అంటే, ఏదీ చూపించండి. కోడలు పుట్టింటికి వెళ్ళడం ఎలా చూపిస్తాం? అందుకని ఆవిడ దగ్గర ఎవరూ కబుర్లు చెప్పేవారు కారు. కబుర్లు చెప్పని వీధిలో ఒంటరి ఆడమనిషి ఎలా బతుకుతుందో మీరే ఊహించుకోండి. ఇంట్లో ఎవరూ లేరు ఆవిడకి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదండీ అని నేనొకసారి అడిగేస్తే, "మీరు చేసుకున్నారుగా, ఏదీ, చూపించండి, ఏం మిగిలిందో" అన్నారు. నాకు ఆ రోజంతా కోపం దిగలేదు.

ఇంక ఆవిడ పండగ సంగతి.

డిసెంబరు ఇరవై ఒకటో, ఇరవై రెండో, ఆ యేడు ఏది అన్నిటికంటే పొట్టి పగలైతే అది ఆవిడ పండగ. వీధిలో సగం ఇళ్ళకి అప్పటికే కాగితం నక్షత్రాలు కట్టేసి ఉండేవి. మిగతా సగం ఇళ్ళ ముందు ధనుర్మాసం ముగ్గులు, వాటి మధ్యలో గొబ్బెమ్మలు. ఈవిడ మాత్రం రెండింటికీ చెందని రోజు ఒకటి వెతుక్కుని, పెద్ద ఇత్తడి గుండిగ పొయ్యి మీదకి ఎక్కించి, "ఇవాళ గుండిగ ఎక్కించాను, భోజనానికి రండి" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చేవారు. మా అత్తగారు తలుపు మూసేక అనేవారు, "అటు వాళ్ళ పండగా కాదు, ఇటు మన పండగా కాదు. ఏ దేవుడికే ఆ తిండి?"

ఆ ప్రశ్న ఆవిణ్ణి పాస్టరుగారు కూడా అడిగారు, కాస్త మర్యాదగా. "ఇది సూర్యారాధన కిందకి రాదు కదమ్మా?"

"సూర్యుడికి నేనేం పెట్టట్లేదండి. మీకు పెడుతున్నాను. కూర్చోండి" అన్నారు ఆవిడ. ఆయన కూర్చున్నారు, తిన్నారు, మరుసటేడు నుంచి ఆ రోజున ఆయనకి తాటిపాకలో ఏదో పని పడేది.

నేను మాత్రం పోట్లాడ్డానికి వెళ్ళేదాన్ని.

"ఉత్తరాయణం సంక్రాంతికి గదండీ టీచరుగారూ. మీరు మూడు వారాల ముందే చేసేస్తున్నారు."

"సూర్యుణ్ణి అడగండి. ఆయన ఇవాళే తిరుగుతున్నాడు. ఆ కబురు మీ పంచాంగానికి అందేసరికి మూడు వారాలు పడుతోంది, నేనేం చెయ్యను?"

"మరి మీ క్రిస్మసో?"

"దానికి నాలుగు రోజులు. మీ కంటే నయం."

గుండిగలో ఏముండేదో చెప్పాలి. అప్పుడే కోతలైన కొత్త బియ్యం, వేయించిన పెసరపప్పు. ఎర్రగుమ్మడి పెద్ద పెద్ద ముక్కలు, చిలగడదుంప, పెండలం, కాస్త కంద, పచ్చి చిక్కుడు గింజలు. అల్లం దంచి, మిరియాలు దంచి. చివర్న నాలుగు కొబ్బరికాయల పాలు చిక్కగా పిండి పోసి, సన్నటి సెగ మీద వదిలేసేవారు. పప్పునూనెలో జీలకర్ర, కరివేపాకు తాలింపు. పక్కన కొత్త చింతకాయ పచ్చడి, ఆఖర్న బెల్లంతో కొబ్బరి లౌజు. పాలచుక్క లేదు, పెరుగు లేదు, నెయ్యి లేదు. చేపలూ గుడ్లూ సరేసరి. మా పక్కింటి కొత్తకోడలు బెంగుళూర్లో ఉద్యోగం చేసొచ్చిన పిల్ల, "దీన్ని వీగన్ అంటారండీ, ఇప్పుడు పెద్ద ఫ్యాషన్" అంది. ఆవిడ గరిటె ఆపి, "పేరు కూడా పెట్టేరా? నేను పేరు లేకుండానే మానేశాను" అన్నారు. ఆ పిల్ల మళ్ళీ రాలేదు. గుమ్మడి ముక్క నోట్లో పెట్టుకుంటే మిరియం ఘాటు, కొబ్బరిపాల తీపి కలిసి పొట్టలోకి వెచ్చగా జారుతుంటే, ఆ రోజుకి చలి లేనట్టే అనిపించేదని ఒప్పుకుంటాను. ఎదుట ఎప్పుడూ ఒప్పుకోలేదు.

వడ్డన పన్నెండు దాటాకే. పన్నెండుకి ఆవిడ డాబా మీద ఉండాలి. అక్కడ ఇసక పోసిన పెయింటు డబ్బాలో ఒక పాత జెండా కర్ర నిలబెట్టి ఉండేది. ఆ రోజు సరిగ్గా మధ్యాహ్నానికి ఆ కర్ర నీడ ఏడాది మొత్తంలో అన్ని మధ్యాహ్నాలకంటే పొడుగ్గా పడుతుంది. ఆ కొస దగ్గర తెల్ల పెయింటుతో గీత పెట్టేవారు. "దేశం మొత్తానికి గడియారం పెట్టే గీత మన కాకినాడ పక్కనుంచి పోతుందండి. ఢిల్లీ వాళ్ళకీ బొంబాయి వాళ్ళకీ పన్నెండంటే అబద్ధపు పన్నెండు. మనకి గడియారానికీ పొద్దుకీ తగువు లేదు." దీనికి ఆవిడ పడే గర్వం చూడాలి, ఆ గీత ఆవిడే గీయించినట్టు.

"ఏటా అదే చోట పడుతోంది గదండీ. ఏటా ఎందుకు కొలవడం?" అన్నాను.

"పడుతుందో లేదో చూడ్డానికి."

"రేపట్నించి పగలు ఎంత పెరుగుతుందేం?"

"కొన్ని సెకన్లు."

"సెకన్లకి పండగా!"

"పెరగడం పెరగడమేనండి," అన్నారు. ఒక్క ఆ మాట మాత్రం గొంతు పెంచకుండా అన్నారు.

అరటాకులు పది కోసేవారు. ఏటా పదే. మొదటేడు ఏడుగురం కూర్చున్నాం, పేరంటానికి వచ్చినట్టు కొత్త చీరలు కట్టుకుని మరీ. రెండో ఏటికి అయిదుగురు. తరవాత్తరవాత నేనూ, స్కూల్లో ఆవిడ దగ్గర పనిచేసిన ఆయమ్మా. ఆయమ్మ పోయాక నేను. ఆవిడదీ నాదీ పోగా ఎనిమిది ఆకులు ఖాళీగా, గచ్చు మీద రెండు వరసల్లో, కడిగి తుడిచి. మా అత్తగారు గట్టిగా ఉన్న రోజుల్లో నేను కూడా గబగబా తిని లేచి వచ్చేసేదాన్ని. మిగిలింది ఆవిడ డబ్బాల్లో సర్ది వీధంతా పంచేవారు. డబ్బాలు కడిగి తిరిగొచ్చేవి. 'బావుందండి' అన్న మాట మాత్రం ఒక్క డబ్బాతోనూ వచ్చేది కాదు. వీధిలో అసలు సంగతి నాకు తెలుసు. ఆ తిండి ఎవరికీ తిండిలా అనిపించలేదు. మా వైపు వేడి వేడి పులగం వడ్డించి నెయ్యి వెయ్యలేదంటే, వేసే మనసు లేదని అర్థం. జ్వరమొచ్చి లేచినవాళ్ళకి పెట్టినట్టు పెడతారేంటండీ ఈవిడ, అనుకునేవారు. పిలిచి అవమానించడమే అని ఒకావిడ నాతోనే అంది.

రెండేళ్ళ కిందట నాకొక బుద్ధి పుట్టింది. జాలి అనుకున్నాను అప్పుడు. ఇప్పుడు దానికి ఇంకో పేరు పెట్టాలేమో. ఈసారి ఆ పది ఆకులూ నిండాలి, అంతే. ఇల్లిల్లూ తిరిగాను. నా నోటి సంగతి మీకు తెలుస్తూనే ఉంది, ఎనిమిది మందిని ఒప్పించాను. నెయ్యి ఉంటుందా అని ఒకరు అడిగారు.

"ఆయ్, ఉంటుందండి."

"ఆవిడ ఒప్పుకున్నారా?"

"ఆవిడకి తెలియక్కర్లేదండి."

ఎనిమిది మందీ నవ్వారు. అందులో కుట్ర ఏమీ లేదు, ఇంటి గడుసు పిల్ల చేసే చిలిపి పనిలాగే ఉంది అందరికీ.

ఆ రోజు ఆవిడ పెయింటూ కుంచే పట్టుకుని డాబా ఎక్కాక, గుండిగ మూత తీసి, కొంగు చాటున తెచ్చిన గిన్నెడు గేదె నెయ్యి పోసి, అడుగు నుంచి కలిపి, మూత పెట్టేశాను. ఆవిడ ఎప్పుడూ గుండిగని కాపలా కాసింది లేదు. "సన్నసెగ మీద దాని పని అది చేసుకుంటుంది, మనం చూస్తూ ఉంటే ఎక్కువ ఉడుకుతుందా?" అనేవారు. మిరియం, అల్లం, తాలింపు ఘాటులో నెయ్యి వాసన నాకే తెలియలేదు.

పది ఆకులూ నిండాయి. ఎనిమిది మందీ మారు అడిగారు. "అబ్బ, ఈసారి అమోఘమండీ టీచరుగారూ, ఏం కలిపేరేంటి?" అని ఒకావిడ నావైపు కన్ను గీటి మరీ అడిగింది. ఆవిడ ముఖం చూడలేకపోయాను. అంత వెలుగు. "కాయలు బాగా ముదిరినవండి ఈసారి" అన్నారు. అందరి వడ్డనా అయ్యాక తనూ కూర్చుని తిన్నారు. గుండిగ అడుగు కనిపించడం ఆ పండగ చరిత్రలో అదే మొదటిసారి.

అందరూ వెళ్ళాక పెరట్లో పంపు దగ్గర కూర్చుని గుండిగ తోమడం మొదలుపెట్టారు. నేను నీళ్ళు పోస్తున్నాను. మధ్యాహ్నమైనా డిసెంబరు నీళ్ళు, చల్లగా ఉన్నాయి. గుండిగ అంచు లోపల తెల్లగా పేరుకుంది. ఆవిడ బొటనవేలితో ఆ తెలుపు మీద ఒక గీత గీశారు. వేలు చూసుకున్నారు. కొబ్బరినూనె కూడా చలికి అలాగే పేరుతుంది, అన్ని కొబ్బరిపాలు పోసిన గిన్నె అలా కాకపోతే ఆశ్చర్యం. ఈ మాట నాకు నేను అప్పుడే చెప్పుకున్నాను.

తోమడం ఆపకుండా చెప్పడం మొదలుపెట్టారు. పదేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు.

"మా అమ్మ ఒక రైతుగారి పాకలో పాలు పితికేదండి. ఈ డిసెంబరు రోజుల్లోనే ఒకేడు గేదెకి దూడ చచ్చిపోయింది. దూడ లేకపోతే గేదె చేపదు, పాలు పొదుగులోకి దింపదు కదండీ. ఆ దూడ తోలు ఒలిచి, లోపల ఎండుగడ్డి కూరి, కుట్టి, నాలుగు కర్రలు గుచ్చి కాళ్ళు చేసేరు. దాన్ని పడిపోకుండా పట్టుకుని గేదె ముందు నిలబడ్డం నా పని. ఏడేళ్ళు నాకు. ఇంకా తెల్లారేది కాదు. అది ఆ గడ్డి దూడని నాకేది. నాకుతూ నాకుతూ నా చెయ్యి కూడా నాకేసేది. అప్పుడు చేపేది. నాకు తెలుసు, మా అమ్మకి తెలుసు, రైతుగారికి తెలుసు. దానికొక్కదానికే తెలీదండి."

అని తల ఎత్తి నా వైపు చూశారు. ఊరికే చూశారేమో. ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు తలెత్తి చూస్తాం కదా.

ఎవరి పాక అని నేను అడగలేదు. ఎవరినైనా ఏదైనా అడిగేసే దాన్ని, మావాళ్ళ పేరేదైనా వస్తుందేమోనని ఈ ఒక్కటి వదిలేశాను. "అప్పుడే మానేశారా పాలు?" అన్నాను.

"అప్పుడెక్కడ? అప్పుడు మాకు పాలెవరిచ్చేరు, మానడానికి? ఉద్యోగం వచ్చేక, సొంతంగా పాలు పోయించుకునే రోజు వచ్చేక, మొదటి గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాను. చెయ్యి తడిగా అనిపించింది. అంతే." గుండిగ బోర్లించారు. "ఆ పాకలో నిలబడి ఎప్పుడు తెల్లారుతుందా అని చూసేదాన్నండి. ఆరో తరగతిలో చెప్పేరు, డిసెంబరు ఇరవై రెండు దాటితే పగలు పెరుగుతుందని. ఎంత ధైర్యమొచ్చిందో. ఎవరికైనా అన్నం పెట్టాలనిపించింది. అప్పుడు పెట్టడానికి లేదు."

ఇదీ దేవుడి కోసం మానేసిన కథ. పాస్టరుగారికి తెలియదు, మరదలుగారికి తెలియదు. తెలిసినదాన్ని నేను ఒక్కదాన్ని, అదీ నెయ్యి పోసిన చేత్తో నీళ్ళు పోస్తూ విన్నాను. ఆ క్షణంలో చెప్పేయాల్సింది. చెప్పలేదు. ఇంటికొచ్చి సబ్బుతో చేతులు కడుక్కున్నాను. మర్నాడు చెబుదామనుకున్నాను, మర్నాడు గేటు దగ్గర కనపడి "ఏమండీ ప్లీడరుగారూ, పగలు పెరిగిందా?" అని నవ్వారు. అంత సంతోషంగా ఉన్న మనిషికి ఏమని చెప్పను? వారం పోయాక చెబుదామంటే వారం పోయింది. ఏడాదంతా చిన్నా పెద్దా అన్నిటి మీదా తగువులాడుకున్నాం, చెత్తబండి ఎన్నింటికి రావాలన్నదాని మీద కూడా. ఈ ఒక్కటీ మధ్యలోకి రాలేదు. నేను తేలేదు, ఆవిడ తేలేదు.

పోయినేడు డిసెంబర్లో ఆవిడ ఇల్లిల్లూ తిరగలేదు. నన్ను మాత్రం పిలిచారు. వెళ్ళేసరికి ఆకులు రెండే ఉన్నాయి. గుండిగ పొయ్యి మీద ఉంది. దాని పక్కన ఎత్తుపీట వేసుకుని ఆవిడ కూర్చుని ఉన్నారు.

"పన్నెండవుతోందండి, డాబా మీదకి వెళ్ళరా?" అన్నాను.

"మోకాళ్ళు సహకరించట్లేదండి. మీరు వెళ్ళి గీత పెట్టి రండి."

"నేనా?"

"నీడ కొస ఎక్కడుందో చూడ్డానికి డిగ్రీ కావాలేంటండీ? వెళ్ళండి, ఒక్క నిమిషం దాటితే పోతుంది." పెయింటు డబ్బా, కుంచె నా చేతికిచ్చారు. గరిటె ఆవిడ చేతిలోనే ఉంది. మూత మీద రెండో చెయ్యి వేసుకుని కూర్చున్నారు.

నేను ఎక్కాను. ఎండ తెల్లగా ఉంది, చుట్టూ కొబ్బరి మట్టలు కదలకుండా ఉన్నాయి. జెండా కర్ర నీడ, పాత గీతల మీదే, వెంట్రుక వాసి కూడా తేడా లేకుండా పడింది. ఇన్నేళ్ళూ ఆవిడ ఇక్కడ ఒక్కరే నిలబడి చూసుకున్నది ఇదన్నమాట. వంగి గీత పెట్టాను, వంకర పోయింది. కిందకి వచ్చి గీత వంకరగా వచ్చిందండీ అంటే, "పరవాలేదు, కూర్చోండి" అన్నారు. ఇద్దరం తిన్నాం. కమ్మగా ఉంది. ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కొంచెంసేపు కళ్ళు మూసుకున్నారు. ఎందుకు మూసుకున్నారో నేనెలా చెప్పను?

మోకాళ్ళ నొప్పులు నిజమే. ఆ చలికాలమంతా జిల్లేడాకులు వేడి చేసి కట్టుకునేవారు, నేనే తెచ్చిచ్చాను. కాని మర్నాడు పొద్దున్న ఆవిడ డాబా మీద గుడ్డలారేస్తూ కనపడ్డారు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి ఉండొచ్చు. అయినా గుడ్డలు కింద వరండాలో కూడా ఆరతాయి. ఇలా అటూ ఇటూ సాక్ష్యాలు వేసుకుంటూ ఏడాది గడిపాను. ప్లీడరునని పేరు పెట్టారుగా. ఈ నవంబర్లో నిద్రలోనే వెళ్ళిపోయారు. పాలవాడు ఆ గేటు ముందు ఎప్పుడూ ఆగడు కాబట్టి, పొద్దెక్కేదాకా ఎవరికీ తెలియలేదు.

ఇవాళ ఆ రోజు. మా వంటింట్లో చిన్నగిన్నెలో నాకు చేతనైనట్టు చేశాను. కొబ్బరిపాలు, గుమ్మడి, పప్పునూనె తాలింపు. మా అత్తగారు మంచంలోంచి వాసన పట్టి, "నెయ్యి వెయ్యలేదేమే?" అన్నారు. వెయ్యలేదన్నాను. పన్నెండు కావస్తుంటే గిన్నె సన్నసెగ మీద వదిలేసి, మా డాబా ఎక్కాను. ఎదురు డాబా మీద ఆ డబ్బా లేదు, మరదలుగారు ఇల్లు ఖాళీ చేయిస్తూ పారేయించినట్టున్నారు. అద్దెకి వచ్చేవాళ్ళు గచ్చు మీద ఆ తెల్లగీతలు చూసి పిల్లలు ఏదో ఆట ఆడుకున్నారనుకుంటారు. నా నీడ నా కాళ్ళ దగ్గర పొడుగ్గా పడింది. కాసేపు నిలబడి దిగొచ్చాను. గిన్నె దాని పని అది చేసుకుంటూనే ఉంది, నేను లేనప్పుడు దానికి ఏ లోటూ రాలేదు.

టీచరుగారూ, నేను గొంతు తగ్గించి అడుగుతున్నాను, మీరు తగ్గించి చెప్పినా సరే. ఆ రోజు మీరు గుండిగ దగ్గర కూర్చుండిపోయింది మోకాళ్ళ వల్లా అండీ, నా వల్లా?